మోషే, మూసా: ఒక పేరు పుట్టిల్లు ఎక్కడ?

పశ్చిమ నెల్లూరులో ఒకే ప్రవక్త రెండు పేర్లతో వినిపిస్తాడు. అనుమసముద్రంపేటకు ముస్లింలలో రహమతాబాద్ అనే పేరు కూడా ఉంది. అక్కడి ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గాకు వచ్చే ముస్లింలకు ఆయన మూసా. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు చర్చిల్లో ఆయన మోషే. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో అడుగుపెట్టడంతో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ మొదలైంది. ఆయన తర్వాత వచ్చిన లైమన్ జ్యూయెట్ తెలుగు బైబిలు సవరణలో పాలుపంచుకున్నాడు. ఆ బైబిలుతో పాటు మోషే అనే రూపం పల్లెపల్లెకూ చేరింది, పిల్లలకు పెట్టే పేరయింది.

రెండు రూపాలకూ మూలం ఒకటేనన్నది అందరూ ఒప్పుకునే మాట. ఆ మూలం హీబ్రూదా, ఈజిప్టుదా అనే దగ్గర పేచీ మొదలవుతుంది. రెండు వేల ఏళ్లుగా నడుస్తున్న ఈ చర్చ గత నూరేళ్లలో బాగా చిక్కుపడింది. పేరు ఈజిప్టుది కాబట్టి నిర్గమకాండం అక్షరాలా చరిత్రేనని కొందరంటారు. పేరు ఈజిప్టుది కాబట్టి గ్రంథం చెప్పే అర్థం తప్పని, కనుక కథంతా కల్పనేనని మరికొందరంటారు. ఒకే ఆధారాన్ని పట్టుకుని రెండు పక్షాలూ ఎదురెదురు దిక్కులకు లాగుతున్నాయంటే, ఆ ఆధారం నిజంగా ఎంత బరువు మోయగలదో ముందు చూసుకోవాలి.

గ్రంథంలో ఉన్నది

నిర్గమకాండం రెండో అధ్యాయం పదో వచనంలో ఫరో కుమార్తె బిడ్డకు పేరు పెట్టి, నీటిలోనుంచి తీశాను కనుక ఈ పేరు అని కారణం చెబుతుంది. హీబ్రూలో ఆ తీయడానికి వాడిన క్రియ ‘మషా’. మోషే, మషా అన్న రెండు మాటలూ పక్కపక్కన మోగుతాయి. తెలుగులో ‘తీశాను’ అన్నప్పుడు ఆ మోత వినబడదు. అందుకే మన పాఠకుడికి ఈ వచనం పేరుకు వివరణలా కనిపిస్తుంది కానీ, హీబ్రూ శ్రోతకు వినిపించిన శబ్దచమత్కారం అందదు.

ఈ క్రియ బైబిల్లో చాలా అరుదు. నిర్గమకాండంలోని ఈ చోటు కాకుండా రెండో సమూయేలు 22వ అధ్యాయంలోను, దాని జంటపాఠమైన 18వ కీర్తనలోను మాత్రమే వస్తుంది. అక్కడా పెనునీళ్లలోనుంచి పైకి తీయడం గురించే. అంటే క్రియ సందర్భానికి చక్కగా అతికింది. అతకనిది వ్యాకరణం. నీటిలోనుంచి తీసిన బిడ్డకు ‘తీయబడినవాడు’ అని పేరు రావాలి. హీబ్రూలో దానికి ‘మషూయ్’ అనే రూపం ఉంది. మోషే అన్నది కర్తను చెప్పే రూపం, అంటే ‘తీసేవాడు’. పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని గమనించకపోలేదు. సముద్రంలోనుంచి జనాన్ని తీసుకువెళ్లబోయేవాడని ముందే సూచించే పేరు ఇదని సమర్థించారు. యెషయా 63వ అధ్యాయం మోషేను సముద్రం దాటించిన ఘట్టంతో కలిపి తలచుకోవడం ఆ చదువుకు కొంత బలం.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఫరో కుమార్తె హీబ్రూలో శ్లేష ఎలా చేసింది? హిజ్కునీ అనే మధ్యయుగ యూదు వ్యాఖ్యాత దీన్ని పట్టించుకున్నాడు. పేరు పెట్టింది కన్నతల్లేనని అబర్బనేల్ చదివాడు. హీబ్రూ వాక్యంలో ‘ఆమె’ ఎవరో తేల్చని వీలు ఆ చదువుకు ఆసరా ఇస్తుంది. పన్నెండో శతాబ్దపు ఇబ్న్ ఎజ్రా మరో దారి పట్టాడు. ఆయన ప్రకారం అసలు పేరు ఈజిప్టు భాషలో మోనియోస్, మోషే దానికి హీబ్రూ అనువాదం. అంటే ఈజిప్టు మూలం అనే ఆలోచన ఆధునిక సందేహవాదుల దగ్గర పుట్టింది కాదు. భక్తితో గ్రంథం చదివినవాళ్లే దాన్ని ముందు లేవనెత్తారు.

నీళ్ల వాదం

వాళ్లకంటే ముందే, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే, గ్రీకులో రాసిన ఇద్దరు యూదులు ఈ పేరును ఈజిప్టు భాషతో వివరించారు. ఈజిప్టువాళ్లు నీటిని ‘మౌ’ అంటారని, పేరు అందులోంచి వచ్చిందని అలెగ్జాండ్రియా వాసి ఫైలో రాశాడు. ‘మో’ అంటే నీళ్లు, ‘ఉసేస్’ అంటే ఆ నీటినుంచి బతికి బయటపడ్డవాళ్లు అని జోసీఫస్ విడదీశాడు. మొదటి సగం సరైనదే. ఈజిప్టు భాషకు చివరి దశ అయిన కాప్టిక్‌లో నీటికి ‘మోఉ’ అనే మాట ఉంది. రెండో సగం మీదే అనుమానం. పైగా ఈ విడదీత గ్రీకు రూపమైన ‘మోయుసేస్’ మీద కుదిరింది, హీబ్రూ రూపం మీద కాదు. గ్రీకు బైబిలు తయారైంది అలెగ్జాండ్రియాలో. అక్కడి అనువాదకులు నీటి మాటను మనసులో పెట్టుకునే పేరులో ‘ఉ’కారం చేర్చి ఉండవచ్చని కొందరు పండితుల ఊహ. అదే నిజమైతే, అర్థం కుదరడం కోసం పేరు రూపాన్నే కాస్త సవరించారన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, ముందు పనికొస్తుంది.

ముస్లిం సంప్రదాయంలోనూ దీనికి తోబుట్టువు లాంటి వివరణ ఉంది. తొలితరం వ్యాఖ్యాత సుద్దీ చెప్పినట్టుగా చరిత్రకారుడు తబరీ నమోదు చేశాడు: ‘మూ’ అంటే నీళ్లు, ‘షా’ అంటే చెట్లు, నీటికీ చెట్లకూ మధ్య దొరికినవాడు కనుక ఆ పేరు వచ్చిందట. చెట్టుకు, కర్రకు కాప్టిక్‌లో దగ్గరి మాటలున్నాయి కనుక ఇదీ గాలిలోంచి పుట్టింది కాదు. ఖురాన్ మాత్రం ఈ పేరుకు ఎక్కడా అర్థం చెప్పదు. అన్ని ప్రవక్తల పేర్లకంటే ఎక్కువగా, 130కి పైగా సార్లు మూసా పేరు అందులో వస్తుంది. పెంచుకున్నది ఫరో భార్య అని చెబుతుంది కానీ, పేరు ఎందుకు పెట్టారో చెప్పదు. కాబట్టి ముస్లిం పాఠకుడికి ఈ చర్చ విశ్వాసంతో ముడిపడినది కాదు, వ్యాఖ్యాన సంప్రదాయానికి చెందినది. క్రైస్తవ, యూదు పాఠకులకు మాత్రం పేరుకు కారణం చెప్పే వచనం గ్రంథంలోనే ఉంది కనుక వాళ్లకు ఒత్తిడి ఎక్కువ. ఇరుగుపొరుగున ఉన్న రెండు సమాజాల్లో ఈ ప్రశ్న ఒకే వేడితో లేకపోవడానికి కారణం ఇదే.

చిత్రలిపి చదివిన తర్వాత

1822లో షాంపోల్యోఁ ఈజిప్టు చిత్రలిపి గుట్టు విప్పాక వాదం తీరే మారిపోయింది. అంతవరకు కాప్టిక్ మాటల పోలికలతో ఊహించేవాళ్లు. ఇప్పుడు అసలు ఈజిప్టువాళ్ల పేర్లు వేలకొద్దీ చేతికొచ్చాయి. వాటిలో ‘మ్స్’ అనే ధాతువు పదేపదే కనిపించింది. దాని అర్థం కనడం, పుట్టడం. థుత్‌మోస్ అంటే థోత్ దేవుడు పుట్టాడని. అహ్‌మోస్ అంటే చంద్రుడు పుట్టాడని. రామెసెస్ అంటే ఇతన్ని కన్నది రా దేవుడు అని. జర్మన్ పండితుడు లెప్సియస్ 1849లోనే మోషే పేరును ఈ వరసలో చేర్చాడు. అమెరికన్ చరిత్రకారుడు బ్రెస్టెడ్ 1933లో దీన్ని సామాన్య పాఠకుల్లోకి తీసుకొచ్చాడు. ఆమెన్‌మోస్, ప్తాహ్‌మోస్ లాంటి పేర్లలో దేవుడి పేరు జారిపోగా మిగిలిన ‘మోస్’ అంటే బిడ్డ అన్నాడు.

ఇది తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. వెంకటేశ్వరప్రసాద్ ఇంట్లో, బడిలో, బజారులో ఉత్త ప్రసాద్ అవుతాడు. ఎవరి ప్రసాదమో చెప్పే దేవుడి పేరు మరుగున పడి, ప్రసాదం ఒక్కటే మిగులుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ కనిపిస్తుంది. మోషే ఏకేశ్వరవాది కనుక తన పేరులోని ఈజిప్టు దేవుణ్ని తానే కోసేసుకున్నాడని, లేదా తర్వాతి లేఖకులు చెరిపేశారని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ దానికి ఏ ఆధారమూ లేదు, దాని అవసరమూ లేదు. ఈజిప్టువాళ్లలోనే ఉత్త ‘మోస్’ అనే పేరున్నవాళ్లు ఉన్నారు. సక్కారాలో రెండో రామెసెస్ కాలపు అధికారి ఒకడి సమాధి ఉంది, అతని పేరు అదే. తరతరాలుగా నడిచిన భూమి తగాదాను, ఎదుటిపక్షం దొంగ పత్రాలు పుట్టించిన వైనాన్ని, సాక్షులతో తాను గెలిచిన తీరును అతను సమాధి గోడలమీద చెక్కించుకున్నాడు. కత్తిరించిన దేవుడి కథ లేకుండానే ఈ పేరు ఒక మామూలు ఈజిప్టు పేరుగా నిలుస్తుంది.

బ్రెస్టెడ్ మాటను పట్టుకుని మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ మరో అడుగు వేశాడు. పేరు ఈజిప్టుదైనప్పుడు మనిషి మాత్రం ఈజిప్టువాడు ఎందుకు కాకూడదని అడిగాడు. 1939లో వచ్చిన ఆయన పుస్తకంలో మోషే ఫరో అఖెనాతెన్ సూర్యారాధనను మోసుకొచ్చిన ఈజిప్టు ప్రముఖుడు. ఇంకా తర్వాత మోషేయే అఖెనాతెన్ అన్నవాళ్లు, ఆమెన్‌మెస్సె అనే రాజు అన్నవాళ్లు వచ్చారు. ఈజిప్టు చరిత్ర నిపుణుల్లో వీటికి మద్దతు దాదాపు లేదు. పేరు నుంచి మనిషి జాతికి దూకడం ఎంత ప్రమాదమో ఈజిప్టు పత్రాలే చెబుతాయి. బ్రూక్లిన్ మ్యూజియంలో ఉన్న ఒక పపైరస్‌లో ఒక ఇంటి సేవకుల జాబితా ఉంది. అందులో 40 మందికి పైగా సెమెటిక్ జనం. వాళ్లలో చాలామందికి సొంత పేరుతో పాటు ఈజిప్టు పేరు కూడా తగిలించారు. ఈజిప్టు పేరున్న ప్రతివాడూ ఈజిప్టువాడు కాదు.

‘స’ ఎందుకు ‘ష’ అయింది?

ఈజిప్టు పక్షానికి అతి పెద్ద అడ్డంకి ఒక్క హల్లు. ‘మ్స్’లో ఉన్నది స. హీబ్రూ మోషేలో ఉన్నది ష, అంటే షీన్ అనే అక్షరం. హీబ్రూలో స ధ్వనికి సామెఖ్ అనే వేరే అక్షరం ఉంది. ఈజిప్టు స వచ్చిన చోట హీబ్రూవాళ్లు మామూలుగా సామెఖే రాశారు. నిర్గమకాండం మొదటి అధ్యాయంలోనే రామెసేసు పట్టణం ఉంది. మోషే పేరులో ఉందంటున్న ధాతువే ఆ పేరులోనూ ఉంది, కానీ అక్కడ షీన్ లేదు, సామెఖ్ ఉంది. మోషే అన్న అహరోనుకు మనవడైన ఫీనెహాసు పేరూ ఈజిప్టుదే, అందులోనూ సామెఖే. ఒకే కథలో, ఒకే ధాతువుకు, ఒకచోట స, ఒకచోట ష ఎందుకు?

తెలుగులో ఈ ప్రశ్న మరో గందరగోళానికి దారితీస్తుంది. మూసాలో స ఉంది కదా, మోజెస్ అన్నప్పుడూ ష లేదు కదా, అసలు రూపం స తోనే ఉండేదనడానికి ఇది సాక్ష్యం కాదా అని అడిగేవాళ్లున్నారు. కాదు. గ్రీకు భాషకు ష ధ్వనే లేదు, అందువల్ల ఏ హీబ్రూ ష అయినా అక్కడ స అయిపోతుంది. ఇంగ్లీషు రూపం ఆ గ్రీకు సంతానమే. హీబ్రూలో షాలోమ్ అరబిక్‌లో సలామ్ అయినట్టు, హీబ్రూ ష కు అరబిక్‌లో స రావడం మామూలు సంగతి. మూసా, మోజెస్ రూపాలు ఈ తగాదాలో ఎటువైపూ సాక్ష్యం చెప్పలేవు.

ఈజిప్టు వ్యాకరణానికి పెద్దదిక్కైన అలన్ గార్డినర్ 1936లో, ఈ హల్లు దగ్గరా అచ్చు దగ్గరా పొత్తు కుదరడం లేదని, ఈజిప్టు మూలాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేమని రాశాడు. గ్రిఫిత్స్ 1953లో ఆ అభ్యంతరాలకు జవాబిచ్చి ఈజిప్టు పక్షాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఈజిప్టు చరిత్ర నిపుణుడు కెన్నెత్ కిచెన్ 2003లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో గార్డినర్ వైపే మొగ్గాడు. బైబిలు చారిత్రకతను గట్టిగా సమర్థించేవాళ్లలో కిచెన్ పేరు ముందుంటుంది. అయినా ఈ పేరు సెమెటిక్‌దేనని, కన్నతల్లి పెట్టిందేనని ఆయన అభిప్రాయం. గ్రంథాన్ని సమర్థించేవాళ్లంతా ఈజిప్టు వైపు, విమర్శించేవాళ్లంతా హీబ్రూ వైపు అన్న లెక్క ఇక్కడే తప్పిపోతుంది. నిజానికి విమర్శక పండితుల్లోనే ఎక్కువమంది ఈజిప్టు మూలాన్ని ఒప్పుకుంటారు.

ఈజిప్టు పక్షం ఇచ్చే జవాబు కాలానికి సంబంధించినది. క్రీస్తుపూర్వం రెండో సహస్రాబ్దిలో ఈజిప్టు పేర్లను కీలాక్షరాల్లో రాసినప్పుడు స స్థానంలో ష గుర్తులే కనబడతాయి. క్రీ.పూ. 1259 ప్రాంతంలో హిత్తీయులతో జరిగిన సంధిపత్రం అక్కాదీ ప్రతిలో రెండో రామెసెస్ పేరు ‘రియామషేష’. ఈజిప్టులోని అమర్నాలో దొరికిన కీలాక్షర లేఖల్లో బైబ్లోస్ పాలకుడు రిబ్-హద్దా రాయించిన వాటిలో ఆమెన్‌మోస్ అనే ఈజిప్టు అధికారి ‘అమన్‌మష్షా’ అయ్యాడు. మోషే పేరు ఆ పాతకాలంలోనే సెమెటిక్ నోళ్లలో పడిందని, రామెసేసు పట్టణం పేరు హీబ్రూలోకి తర్వాతి కాలంలో వచ్చిందని అనుకుంటే ఒకచోట ష, ఒకచోట స ఉండడం అర్థమవుతుంది. హిత్తీయుల సాక్ష్యానికి నేను పెద్ద విలువ ఇవ్వను, వాళ్ల లేఖకులు ష గుర్తును స ధ్వనికే వాడేవాళ్లు. బైబ్లోస్ లేఖ మాత్రం సెమెటిక్ నేలమీద రాసింది కనుక దాన్ని పక్కకు నెట్టలేం. అయినా ఒక అధికారి పేరు ఒకచోట రాసిన తీరు మీద ఇంత పెద్ద మేడ కట్టలేం.

మూసారాంబాగ్ ఏం చెబుతుంది?

ఇక్కడ హైదరాబాదు ఒక సాక్ష్యం ఇవ్వగలదు. యూరప్, అమెరికా పండితుల వాదాల్లో దాని ప్రస్తావన నాకు ఎక్కడా కనబడలేదు, కానీ ఈ హల్లు తగాదాకు అది సూటిగా తగులుతుంది.

నిజాం అలీఖాన్ కొలువులో మిషెల్ రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 1798లో చనిపోయాడు. మలక్‌పేట దగ్గర అస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి ఉంది. ఫ్రెంచివాళ్లు గౌరవంగా పేరు ముందు చేర్చే ‘మస్యూ’ అనే మాట హైదరాబాదీ చెవికి మూసాగా వినబడింది. రేమండ్ ముస్లింల నోట రహీం అయ్యాడు, హిందువుల నోట రామ్ అయ్యాడు. మూసా రహీం, మూసా రామ్. మూసారాంబాగ్ అనే పేట పేరు ఆయనదే.

ఇందులో ధ్వనుల లెక్క ఎక్కడా కుదరదు. రేమండ్ చివరి హల్లులు ఏమయ్యాయి? లేని హ రహీంలోకి ఎలా వచ్చింది? భాషాశాస్త్ర సూత్రాలతో కొలిస్తే రేమండ్ నుంచి రామ్ రావడం అసాధ్యమని తేల్చాల్సి వస్తుంది. వచ్చింది మాత్రం నిజం. పరాయి పేరు చెవినబడినప్పుడు జనం దాన్ని ధ్వనికి ధ్వనిగా అరువు తెచ్చుకోరు. తమకు తెలిసిన, తమకు అర్థమున్న దగ్గరి మాటలోకి దాన్ని మలుచుకుంటారు. ఆ మలుపులో హల్లు మారుతుంది, పోతుంది, కొత్తది చేరుతుంది.

గార్డినర్, కిచెన్ చూపిన సూత్రం మామూలు అరువు మాటలకు వర్తిస్తుంది. రామెసేసు పట్టణానికి హీబ్రూలో ఎవరూ అర్థం వెతకలేదు, అందుకే అందులో స చెక్కుచెదరలేదు. మోషేకు మాత్రం వచనమే మషా అనే క్రియను జోడించింది. ఆ క్రియలో ష ఉంది. ఒక ఈజిప్టు పేరును హీబ్రూ క్రియతో ముడివేసిన నోళ్లు దాని హల్లును కూడా ఆ క్రియకు తగినట్టు తిప్పుకోవడంలో వింత లేదు. బైబిలుకు ఇది అలవాటే. బాబెలు పేరు వాళ్ల భాషలో దేవుని ద్వారం అని బాబిలోనువాళ్లు చెప్పుకున్నారు. ఆదికాండం 11వ అధ్యాయం ఆ పేరును తారుమారు చేయడం అనే అర్థమున్న బాలల్ అనే హీబ్రూ క్రియతో వివరించింది. అది నిఘంటువు రాసినవాడి పని కాదు, కథకుడి పని. కథకుడి అర్థమూ, పేరు పుట్టుకా రెండూ నిలవవచ్చు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాల్సిన పని లేదు.

ఈ వాదానికి ఎదురుగా చెప్పాల్సిన మాట కూడా ఉంది, అది చిన్నది కాదు. మలుపు పేరు చెప్పి ధ్వని సూత్రాలను పక్కకు పెడితే ఏ పేరునైనా ఏ భాషకైనా అంటగట్టవచ్చు. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే మూసీని, దానితో కలిసే ఈసీని చూపి మూసా, ఈసా ప్రవక్తల పేర్లేనని చెప్పేవాళ్లున్నారు. ముచుకుందా నది అనే పాత పేరును చూపి కాదనేవాళ్లున్నారు. అక్కడ రెండు కొసలూ కలిపే పత్రం లేదు. రేమండ్ సంగతిలో ఒక కొస ఫ్రెంచి పేరు, రెండో కొస స్థానిక పేరు, రెండూ నమోదై ఉన్నాయి. మోషే సంగతిలో మనకు రెండో కొస మాత్రమే ఉంది. కాబట్టి మూసారాంబాగ్ చేయగలిగింది ఒకటే: షీన్ అభ్యంతరం ఈజిప్టు మూలాన్ని కొట్టేయలేదని చూపడం. ఈజిప్టు మూలాన్ని నిరూపించడం దానివల్ల కాదు.

ఒక్క పేరు కాదు, ఒక కుటుంబం

ఈజిప్టు పక్షానికి అసలు బలం మోషే పేరులో లేదని, అతని చుట్టూ ఉన్న పేర్లలో ఉందని నా అభిప్రాయం. అహరోను మనవడు ఫీనెహాసు పేరు నిస్సందేహంగా ఈజిప్టుది, ‘దక్షిణాది నుబియావాడు’ అని అర్థం. ఏలీ కొడుకు హొఫ్నీ పేరుకు తోకకప్ప అనే ఈజిప్టు మాట సరిపోతుంది. లేవి కొడుకు మెరారి పేరును ‘ప్రియమైన’ అనే ఈజిప్టు మాటతో కలుపుతారు, చేదు అనే హీబ్రూ మాటతో కలిపేవాళ్లూ ఉన్నారు. అహరోను, మిర్యాము పేర్ల మీద తగవు తెగలేదు. అయినా ఇవన్నీ ఒకే గోత్రంలో, లేవీయుల్లో గుమిగూడడం గమనించాల్సిన విషయం. థియోఫైల్ మీక్ 1939లో దీని మీద రాశాడు. రిచర్డ్ ఫ్రీడ్మన్ 2017లో ఇంకా ముందుకెళ్లి, ఈజిప్టు నుంచి వచ్చింది ఇశ్రాయేలు అంతా కాదు, లేవీయులేనని వాదించాడు. ఆ ముగింపు ఒప్పుకోకపోయినా పేర్ల గుంపు మాత్రం అక్కడే ఉంది.

దీనికి జోడించాల్సినవి ఆ కథలోని మామూలు మాటలు. నైలునదిని చెప్పే మాట ‘యెఓర్’, పెట్టెకు వాడిన ‘తేవా’, రెల్లుకు వాడిన ‘సూఫ్’, పపైరస్‌కు వాడిన ‘గోమె’, ఇవన్నీ ఈజిప్టు నుంచి వచ్చినవేనని పండితుల్లో చాలామంది ఒప్పుకుంటారు. మన తెలుగు బైబిల్లో జమ్ముపెట్టె అని చదివే ఆ ఒక్క దృశ్యంలోనే ఇన్ని ఈజిప్టు మాటలున్నాయి. పేరు ఒక్కటే పరాయిది కాదు, పేరు పెట్టిన రేవంతా ఈజిప్టు మాటలతోనే ఉంది.

ఐతే కాలం సంగతిలో జాగ్రత్త అవసరం. ఆదికాండం 41వ అధ్యాయంలో యోసేపుకు ఫరో పెట్టిన పేరు, అతని భార్య ఆసెనతు, మామ పోతీఫెర, ఈ మూడూ ఈజిప్టు పేర్లే. పోతీఫెర అంటే రా ఇచ్చినవాడు. ఈ తరహా పేర్లు ఈజిప్టులో బాగా వాడుకలోకి వచ్చింది క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో, అంటే యోసేపు కాలమని చెప్పుకునే రోజులకు చాలా తర్వాత. ఈజిప్టు పేరు ఉన్నంత మాత్రాన అది సంఘటన కాలపుదే అనలేం, రచనా కాలపుదీ కావచ్చు. మోషే, ఫీనెహాసు పేర్లు మాత్రం రెండో సహస్రాబ్ది చివరి ఈజిప్టుకు ఇబ్బంది లేకుండా సరిపోతాయి.

పక్షాలను పక్కపక్కన పెడితే

హీబ్రూ పక్షానికి గ్రంథం చెప్పిన కారణం ఉంది, హల్లుల పొత్తు ఉంది. దానికి లేనిది ‘తీయబడినవాడు’ అనే కర్మరూపం, ఫరో కుమార్తె నోట హీబ్రూకు సంజాయిషీ. తల్లే పెట్టిందంటే రెండోది తీరుతుంది, మొదటిది తీరదు.

నీళ్ల పక్షం, ఫైలో నుంచి తబరీ వరకు, సంఘటనకు అర్థం కుదిర్చింది. చిత్రలిపి చదివాక దాని రెండో సగం నిలబడలేదు. ఇవాళ దాన్ని పట్టుకునే నిపుణులు తక్కువ, కానీ ఈజిప్టు వైపు చూడాలన్న స్ఫురణ దానిదే.

‘మ్స్’ పక్షానికి వేల పేర్ల సాక్ష్యం ఉంది, ఉత్త మోస్ అనే పేరు ఉంది, చుట్టూ ఈజిప్టు పేర్ల కుటుంబం ఉంది. దాని బలహీనత ఒక్క షీన్. ఇవాళ ఎక్కువమంది మొగ్గు ఇటే. నా మొగ్గూ ఇటే, రుజువైందని మాత్రం అనను.

నాలుగో దారి జర్మన్ ఈజిప్టు చరిత్రకారుడు యాన్ అస్మన్‌ది. మోషే ఎవరన్నది కాక, తర్వాతి తరాలు మోషేను ఈజిప్టువాడిగా ఎందుకు తలచుకున్నాయన్నదే 1997లో వచ్చిన తన పుస్తకంలో ఆయన అడిగిన ప్రశ్న. పేరు పుట్టుకను అది తేల్చదు, కానీ ఈజిప్టు పూజారి మానెథో చెప్పినట్టు జోసీఫస్ ఉటంకించిన కథను, హెలియోపొలిస్ పూజారి ఓసర్‌సెఫ్ మోషేగా పేరు మార్చుకున్నాడన్న కథను, ఎలా చదవాలో నేర్పుతుంది. అది చరిత్ర కాదు, రెండు జాతుల మధ్య పాత పగల జ్ఞాపకం.

తెగని ప్రశ్నలు

ఈజిప్టు స, సెమెటిక్ ష మధ్య పొత్తు ఏ శతాబ్దంలో ఎలా ఉండేదన్నది ఇంకా తేలలేదు. తేలాలంటే కనానులోనో, డెల్టాలోనో దొరికిన రెండో సహస్రాబ్ది రాతల్లో మోస్ పేర్లు ఇంకా కొన్ని కనబడాలి. మషా క్రియ పేరుకు ముందే హీబ్రూలో వాడుకలో ఉందా, లేక మోషే కథ ప్రభావంతోనే ఆ కీర్తనలోకి వచ్చిందా అన్నదీ మిగిలే ఉంది. మూడే చోట్ల కనబడే క్రియతో అది చెప్పడం కష్టం.

పేరు ఈజిప్టుదైతే చరిత్రకు ఏం దక్కుతుందన్న ప్రశ్నకు మాత్రం ఇప్పుడే కొంత జవాబు చెప్పవచ్చు. ఇశ్రాయేలు అనే జనం పేరు మొదటిసారి కనబడే మెర్నెప్తా శిలాశాసనం క్రీ.పూ. 1208 ప్రాంతానిది. ఆ జనంలో కొందరి పూర్వికులకు ఈజిప్టుతో దగ్గరి సంబంధం ఉండేదనడానికి లేవీయుల పేర్లు మంచి ఆధారం. సముద్రం చీలిందా, ఎంతమంది దాటారు, మోషే ఎవరి కడుపున పుట్టాడు అనే ప్రశ్నలకు పేరు అవునని గానీ కాదని గానీ చెప్పదు. చర్చిలో చెప్పే బోధకుడూ, దాన్ని ఖండించే హేతువాదీ ఇద్దరూ ఆ పేరుచేత చెప్పించాలని చూస్తున్నది ఆ మాటే.

కొత్త ఆధారం ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం. ఈజిప్టు పపైరస్‌లు ఎక్కువగా దక్కింది దక్షిణాన, ఎడారి పొడి ఇసుకలో. నిర్గమకాండం చెప్పే రామెసేసు ఉన్నది ఉత్తరాన, డెల్టా తడినేలలో. ఆ పట్టణపు లెక్కల పత్రాలు, పనివాళ్ల జాబితాలు ఏనాడో ఆ తడిలో కుళ్లిపోయాయి. ఇటుకలు మోసిన సెమెటిక్ కూలీలకు అక్కడి గుమాస్తాలు ఏ పేర్లు రాసుకున్నారో చెప్పగలిగినవి ఆ జాబితాలే.